నా మాట నమ్మి కొన్న మిషను

మా చెల్లెలి కూతురు లావణ్యకి ఈ మధ్య విశాఖపట్నంలో ఒక కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేసి, "మావయ్యా, నువ్వు జన్మంతా చేసింది ఈ పనే కదా. నేనేటేటి జాగ్రత్తలు తీసుకోవాలో రాసి పంపు" అంది. సరేనన్నాను. తీరా రాయడానికి కూర్చున్నాక నేను కంపెనీకి ఆదా చేసిన డబ్బులేవీ గుర్తు రాలేదు. ఆదా చేసినవి చాలానే ఉన్నాయి, వాటికి మెచ్చుకోళ్లూ వచ్చాయి. పెన్ను పట్టుకోగానే గుర్తొచ్చింది మాత్రం మా ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ పేటలో ఒక రేకుల షెడ్డు, అందులో కొత్తగా దిగిన ఒక రబ్బరు ప్రెస్సు.

అందుకని ఇది లావణ్యకి రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా చదవొచ్చు. ప్రమోషన్ల సంగతి, టెండరు రూల్సు నేను రాయను. అవి ట్రైనింగ్‌లో చెప్తారు. అక్కడ చెప్పనివి రాస్తాను.

కొనేవాడి కుర్చీ

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి తాతగారి హయాంలోనే వచ్చేశాం. నేను పుట్టింది, పెరిగింది ట్రాఫిక్ కాలనీ క్వార్టర్లలో. రైల్వే ఉద్యోగానికి పరీక్షలు రాసి రాసి అలిసిపోయి, చివరికి ఊరి బయట ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో చేరాను. వ్యాగన్లకి కావలసిన స్ప్రింగులు, బ్రేకు సామాను తయారుచేసేవాళ్లం. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. అక్కడ అందరికీ నేను రావు బాబుని. బెంగాలీలకి తెలుగువాళ్లమంతా రావులమే. నా పేరులో నిజంగానే రావు ఉంది కాబట్టి నాకు పెద్ద నష్టం జరగలేదు.

పర్చేజ్ వాడంటే బయట ఒకటే మాట: కమీషన్ తింటాడు. తినేవాళ్లున్నారు, లేరని నేను చెప్పను. కానీ ఈ కుర్చీలో ఉన్న అసలు ప్రమాదం అది కాదు. మనం ఖర్చుపెట్టేది మన డబ్బు కాదు. తప్పు కొన్నా జీతం వస్తుంది, ఒప్పు కొన్నా అదే జీతం వస్తుంది. అలాంటి చోట కూర్చున్నవాడికి డబ్బు బరువు తెలియదు. ఆ బరువు ఎవరో ఒకరు నేర్పాలి. నాకు నేర్పింది మజుందార్ దా.

మజుందార్ దా నేర్పిన లెక్క

ఆయన మా పర్చేజ్ హెడ్డు. సన్నగా, ఎప్పుడూ కడుపునొప్పి ఉన్నవాడిలా ముఖం పెట్టుకుని ఉండేవాడు. నేను చేరిన కొత్తలో గ్రైండింగ్ వీల్స్ బాగా చవగ్గా ఇచ్చే పార్టీని పట్టుకున్నాను. పాత పార్టీ కంటే ఐదో వంతు తక్కువ. ఆ వారమంతా నేల మీద నడవలేదు నేను. మజుందార్ దా తిట్టలేదు, మెచ్చుకోలేదు. ఓ పొద్దున నన్ను షాపులోకి తీసుకెళ్లి గ్రైండరు పక్కన స్టూలు వేయించి, "లంచ్ దాకా ఇక్కడ కూర్చో" అన్నాడు.

కూర్చున్నాను. నేను కొన్న వీలు సబ్బుబిళ్లలా అరిగిపోతోంది. అరిగినప్పుడల్లా మిషను ఆపాలి, వీలు మార్చాలి. స్టోరు నుంచి కొత్త వీలు వచ్చేదాకా మిషను మీది మనిషి బయటికెళ్లి బీడీ ముట్టించుకుంటున్నాడు. లంచ్ వేళకి మజుందార్ దా వచ్చి అడిగాడు. "ఇప్పుడు చెప్పు రావు. నువ్వు తక్కువ ధరకి కొన్నది వీల్సునా, బీడీలు కాల్చే టైమునా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన మాత్రం నవ్వలేదు. "దామ్ తో ఏక్ దినేర్, రావు. జినిష్ రోజ్‌కార్" అన్నాడు. ధర ఒక్కరోజు చూస్తావు, వస్తువుతో రోజూ పడాలి అని. నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. ఈ రోజుల్లో దానికి పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లు పెట్టి రెండు రోజుల క్లాసులు చెప్తున్నారు.

అలాంటి మనిషి కూడా ఒకసారి బోల్తా పడ్డాడు. స్ప్రింగు ఉక్కు ధర వారం వారం పెరుగుతున్న కాలం అది. ఇంకా పెరుగుతుందని ఆయన మేనేజ్‌మెంటుని ఒప్పించి, బ్యాంకు డబ్బుతో యార్డు నిండా ఉక్కు దించాడు. దించిన కొద్దిరోజులకే ధర పడిపోయింది. బయటివాళ్లు చవగ్గా కొనుక్కుని హాయిగా ఉంటే, మేము తుప్పు పడుతున్న ఉక్కుకి వడ్డీ కడుతూ కూర్చున్నాం. ఆ రోజుల్లో ఓ సాయంత్రం పూరీ గేట్ దగ్గర టీ తాగుతూ నాతో అన్నాడు. "నేను ఉక్కు కొంటున్నానని అనుకున్నాను రావు. పేకాట ఆడాను."

అంత పెద్ద మనిషి తన కింద పనిచేసే కుర్రాడి దగ్గర ఆ మాట ఒప్పుకున్నాడు. ఆ మాట ఇన్నేళ్లు నన్ను కాపాడింది. అవసరానికి కొనేది కొనుగోలు. ధర పెరుగుతుందేమో అని కొనేది పందెం. పందెం కాయడానికి కంపెనీలో వేరే మనుషులుంటారు, వాళ్లకి వేరే జీతాలు ఇస్తారు. మన బల్ల మీద ఆ ఆట వద్దు.

పెరటి చెట్టు

ఇక నా సంగతికి వస్తాను.

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లకి కొదవ లేదు. ట్రాఫిక్ కాలనీలో కుళాయి దగ్గరా తెలుగే, కిరాణా కొట్లోనూ తెలుగే. అలాంటి ఊళ్లో ఒక తెలుగువాడు కొనే కుర్చీలో కూర్చుంటే, ఏ తెలుగు పార్టీకి ఆర్డరు వెళ్లినా వెనక ఒక మాట వినిపిస్తుంది: "అప్నా ఆద్మీ." వాళ్ల మనిషేలే అని. నాకంటే ముందు మా స్టోర్స్‌లో పనిచేసిన ఒకాయనకి ఇదే జరిగింది. మంచి సరుకిచ్చే తెలుగు పార్టీకి ఆర్డరిచ్చాడు, అంతే. ఎంక్వయిరీ వేశారు. తప్పేమీ లేదని తేలింది. అయినా రిటైరయ్యేదాకా ఆయనకి మళ్లీ సంతకం పెట్టే అధికారం ఇవ్వలేదు. కాంటీన్లో ఒంటరిగా తినేవాడు.

అది చూసి నాకు భయం పట్టుకుంది. భయమని అప్పుడు ఒప్పుకోలేదు, నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను. బెంగాలీ పార్టీ దగ్గర ఒక తగ్గింపు అడిగితే తెలుగు పార్టీ దగ్గర రెండు అడిగేవాణ్ని. వాళ్ల ఫైలు అన్నిటికంటే అడుగున పెట్టేవాణ్ని. విశ్వకర్మ పూజకి పార్టీలు పంపే మిఠాయి డబ్బాలు ఆఫీసులో అందరితోపాటు నేనూ పుచ్చుకునేవాణ్ని. మాకు రబ్బరు సామాను ఇచ్చే తెలుగావిడ సుగుణమ్మ గారు క్రిస్మస్‌కి కేకు పంపితే మాత్రం నాకొచ్చింది వెనక్కి పంపేసేవాణ్ని. మా ఆవిడ లక్ష్మి ఒకసారి అడిగింది. "ఊరందరి రసగుల్లాలూ తింతన్నారు. ఆవిడ కేకు ఒక్కటే లంచమేటి?"

"నీకు తెలీదులే" అన్నాను.

తెలియంది నాకే. పెరటి చెట్టు మందుకి పనికిరాదని సామెత. మా ఊళ్లో నాలాంటివాళ్లు పెరటి చెట్టుకి నీళ్లు పోయడం కూడా తప్పే అనుకున్నాం. మనవాళ్లకి ఎక్కువ ఇవ్వడం పక్షపాతం. న్యాయంగా రావలసింది మనవాళ్లని చెప్పి ఇవ్వకపోవడమూ పక్షపాతమే. రెండో దాని మీద ఎవరూ ఎంక్వయిరీ వేయరు కాబట్టి అది గొప్ప గుణంలా చలామణి అవుతుంది. రావు బాబు తనవాళ్లని కూడా వదలడని అందరూ అనేవారు. ఆ మాట వింటే నాకు ఎంత తియ్యగా ఉండేదో ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

దత్తా బాబుకి కాగితం, సుగుణమ్మ గారికి మాట

మేరీ సుగుణ గారిది భీమిలి వైపు నుంచి వచ్చి రైల్వేలో స్థిరపడ్డ కుటుంబం. కెమిస్ట్రీ చదివి హౌరాలో ఒక రబ్బరు కంపెనీ ల్యాబులో పనిచేశారు. రైల్వే గార్డు జోసెఫ్ గారిని పెళ్లి చేసుకుని ఊరికి తిరిగొచ్చాక ఝపటాపూర్‌లో సొంతంగా షెడ్డు వేసుకున్నారు. నలుగురు పనివాళ్లు, ఒక చిన్న ప్రెస్సు. వేడి చేసిన అచ్చుల్లో రబ్బరు పెట్టి నొక్కితే బుష్‌లు, ప్యాడ్లు తయారయ్యే మిషను అది. మాకు ఏ వారానికి కావలసింది ఆ వారం ఇచ్చేవారు. దానివల్ల మా స్టోర్లో రబ్బరు సరుకు పేరుకునేది కాదు, దాని మీద మా డబ్బు పడుకునేది కాదు. ఆవిడ ధర కొంచెం ఎక్కువైనా మొత్తం మీద మాకే లాభం. ఇది నేను లెక్కగట్టి తెలుసుకున్నదే.

ఒక ఏడాది కొత్త రకం వ్యాగన్ల ఆర్డరు వచ్చింది. దానికి పెద్ద రబ్బరు ప్యాడ్లు కావాలి, కొత్త రకం కాయిల్ స్ప్రింగులూ కావాలి. స్ప్రింగుల కోసం హౌరాలో దత్తా బాబు అనే ఆయన్ని ఎంచుకున్నాం. ఆయన కొత్త ఫర్నేసు పెట్టాలి. "లెటర్ ఇవ్వండి రావు బాబు, లేకపోతే బ్యాంకు వాడు గుమ్మం కూడా ఎక్కనివ్వడు" అన్నాడు. మూడేళ్లపాటు ఇంత సరుకు తప్పకుండా కొంటాం, నాణ్యత చెడితే తప్ప మానం అని కంపెనీ ఇచ్చే హామీ ఉత్తరం అది. నేనే రాసి పట్టుకెళ్తే మా జనరల్ మేనేజరు చదవకుండానే సంతకం పెట్టాడు.

అదే వారం ఝపటాపూర్ వెళ్లాను. ఆవిడ చిన్న ప్రెస్సు మీద ఈ ప్యాడు రాదు.

"మీరు పెద్ద ప్రెస్సు పెట్టుకుంటే ఈ ప్యాడు మీకే సుగుణమ్మ గారూ. మూడేళ్లు ఆర్డర్లకి లోటుండదు" అన్నాను.

"అంత పెద్ద మిషనంటే ఇల్లు కుదవ పెట్టాల రావు గారూ. మూడేళ్లు నిజంగా ఉంటాదా?"

"నేను సెప్తన్నాను కదండీ."

డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడ్డ జోసెఫ్ గారు, "ఏదైనా చిన్న కాయితం లాంటిది..." అని నసిగారు.

ఆవిడ మధ్యలోనే ఆపేసింది. "ఊరుకోండి. మనోళ్ల కాడ కాయితం ఏటి? రావు గారు సెప్పినాక ఇంకేటి గావాల?"

అప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు, ఊరట. ఈవిడ పేరు మీద హామీ ఉత్తరం పట్టుకుని జీఎం గదిలోకి వెళ్తే పార్టీ ఎవరని అడుగుతాడేమో, అడిగాక నా వంక చూస్తాడేమో అని దారి పొడుగునా ఆలోచిస్తూనే వచ్చాను. ఆవిడే వద్దంది, బతికిపోయాననుకున్నాను.

ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి ప్రెస్సు తెచ్చుకున్నారు. ట్రెయిలరు మీద మిషను వచ్చిన రోజు పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి, నన్నూ పిలిచారు. నేను వెళ్లలేదు. వెళ్తే బాగోదనుకున్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పే పెద్ద మాట ఇదొక్కటే. పెట్టుబడి అంటే కంపెనీ పెట్టేదే అనుకోకండి. మీరు బల్ల ఇవతల కూర్చుని అలవోకగా అనే ఒక్క మాట మీద అవతలివాళ్లు ఇల్లు తాకట్టు పెడతారు. మీ నోటిమాటకి మీ పుస్తకాల్లో ఖరీదు ఉండదు. వాళ్ల పుస్తకాల్లో నెల నెలా వాయిదా ఉంటుంది.

మల్హోత్రా సాబ్ మీటింగు

ఏడాదిన్నర బాగానే నడిచింది. ఈలోగా మజుందార్ దా రిటైరై కోల్‌కతా వెళ్లిపోయాడు. ఢిల్లీ నుంచి మల్హోత్రా సాబ్ ఫైనాన్స్ హెడ్డుగా వచ్చాడు. ఈ కథలో ఎవరో ఒక దుర్మార్గుడు ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఆయన దుర్మార్గుడు కాడు. కొత్త మిషనరీకి డబ్బు కావాలి, బ్యాంకులు బిగించేశాయి. అందుకని చిన్న చిన్న పార్టీల దగ్గర కొనడం తగ్గించి, దేశంలో ఎక్కడున్నా సరే ఒకరిద్దరు పెద్దవాళ్ల దగ్గర ఎక్కువ ఎక్కువ కొని ధర తగ్గించుకుందాం అన్నాడు. వినడానికి బాగుంటుంది. చాలాసార్లు మంచిదే కూడా.

మీటింగులో ఒక్కో వస్తువూ అడుగుతూ వచ్చాడు. స్ప్రింగుల దగ్గరికి రాగానే, "దత్తా కా లెటర్ హై? ఠీక్ హై, రహేగా" అన్నాడు. దత్తా బాబు గండం అక్కడితో గడిచిపోయింది.

"రబ్బరు ప్యాడ్?"

"వర్డ్ దియా హై, సర్" అన్నాను, మాట ఇచ్చామని.

"కిస్‌నే?" ఎవరిచ్చారని.

"మైనే." నేనే అని.

"కాగజ్?"

కాగితం లేదన్నాను. పార్టీ ఎవరని అడిగాడు. పేరు చెప్పాను. బల్ల చివర కూర్చున్న ఒకాయన నవ్వుతూ, "రావు బాబూర్ దేశేర్ లోక్" అన్నాడు. రావు బాబుగారి దేశం మనిషేలే అని. ఆయన కుళ్లుతో అన్నది కాదు, మామూలు వేళాకోళం. అందరూ చిన్నగా నవ్వారు.

నా దగ్గర లెక్క ఉంది. ఎక్కువ సరుకు ఒకేసారి కొంటే దాని మీద వడ్డీ, గోడౌను ఖర్చు, రబ్బరు నిలవుంటే పాడయ్యే సంగతి, దూరం నుంచి తెస్తే రవాణా, అన్నీ వేసి చూపించాను. కానీ అప్పటిదాకా లెక్కగా ఉన్నది ఆ నవ్వు తర్వాత సిఫార్సులా వినిపించింది. నా చెవులకే అలా వినిపించింది. గొంతు తగ్గించేశాను.

మల్హోత్రా సాబ్ మర్యాదగానే అన్నాడు. "రావ్‌జీ, ఆప్ ఇమాన్‌దార్ ఆద్మీ హై. ఇసీలియే కహ్ రహా హూ, ఇస్‌మే మత్ పడియే." మీరు నిజాయితీపరులు, అందుకే చెప్తున్నా, ఇందులో తలదూర్చకండి.

ఇన్నేళ్లు కాపాడుకున్న పేరు చివరికి నా నోరు మూయడానికి పనికొచ్చింది. దత్తాకిచ్చిన ఉత్తరమే ఈవిడకీ ఇవ్వాలి సర్, ఇవ్వకపోవడం నేను చేసిన పొరపాటు అని ఒక్క వాక్యం చెప్పి ఉంటే సరిపోయేదేమో. ఆ వాక్యం నాకు ఇంటికొచ్చి అన్నం తింటుంటే తోచింది.

రబ్బరు సామాను ఆర్డర్లు ఆగిపోతాయన్న మాట సుగుణమ్మ గారికి చెప్పడానికి నేనే వెళ్లాను. ఆవిడ కేకలు వేయలేదు. మిషను ఆపించి, సద్దు తగ్గాక అడిగింది.

"మరి ఈ ప్రెస్సు ఏటి సేసుకోను రావు గారూ?"

వేరే ఫ్యాక్టరీల వాళ్ల ఫోన్ నంబర్లు ఇచ్చాను. అంత పెద్ద ప్రెస్సు మీద చేసే సరుకు ఈ చుట్టుపక్కల కొనేవాళ్లం మేమొక్కళ్లమే. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. తెలిసి తెలిసీ నంబర్లు రాసిచ్చాను, ఆవిడ తెలిసి తెలిసీ పుచ్చుకుంది.

గట్టిపడ్డ రబ్బరు

దూరం నుంచి చవక ప్యాడ్లు వచ్చాయి. ఒక్కసారే లారీల్లో బోలెడు దిగాయి. చోటు చాలక రేకుల షెడ్డులో పేర్చారు. ఖరగ్‌పూర్ ఎండాకాలం ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ రేకుల కింద మనిషే నిలవలేడు, రబ్బరేం నిలుస్తుంది? వానలు పడేసరికి అడుగు వరసల్లోవి గట్టిపడిపోయాయి. మా సరుకు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చి పరీక్ష చేసి, తయారైన వ్యాగను సామాను మొత్తం పక్కన పెట్టించాడు. కొత్త ప్యాడ్లు వచ్చేదాకా లైను ఆగింది. ధరలో మిగిలిందంతా అందులో పోయింది, పైన ఇంకొంత పోయింది.

కాబట్టి ఒక్క వస్తువు ధర చూసి మురిసిపోకండి. ఎంత ఒకేసారి కొనాలంటున్నాడు, ఎక్కడ పెడతాం, ఎన్నాళ్లు నిలుస్తుంది, పాడైతే ఎవరు వెనక్కి తీసుకుంటారు, వాడు మొండికేస్తే రేపు పొద్దున ఇంకొకడు దొరుకుతాడా, ఇవన్నీ అడగండి. దగ్గర్లో ఉన్న చిన్న పార్టీ అంటే ఊరికే దయ కాదు, అది కూడా మనకి ఒక రకం బీమా. బీమాకి కొంచెం ఎక్కువ కట్టాల్సి వస్తుంది, తప్పదు.

ఈ లెక్కంతా నిజమే లావణ్యా. నేను మల్హోత్రా సాబ్ ముందు పెట్టింది కూడా ఇదే, చివరికి నేనే నెగ్గాను. కానీ తర్వాత ఆ కాగితం తీసి చూసుకుంటే అందులో వడ్డీ ఉంది, గోడౌను ఉంది, లారీ ఉంది. సుగుణమ్మ గారి ప్రెస్సు ఎక్కడా లేదు. ఆవిడ తరఫున మాట్లాడుతున్నాననుకుంటూ నేను కూడా కంపెనీ లెక్కే వేశాను.

ఆదివారం ఝపటాపూర్‌లో

లోకల్ పార్టీని మళ్లీ పట్టుకోమని మల్హోత్రా సాబ్ స్వయంగా చెప్పాడు. "లెటర్ భీ దే దీజియే" అన్నాడు, ఉత్తరం కూడా ఇచ్చేయమని. జీఎం ఆ రోజే సంతకం పెట్టాడు. పార్టీ ఎవరని అడగలేదు, నా వంక చూడలేదు. ఇన్నేళ్లు నేను భయపడ్డ చూపు ఆయన దగ్గర అసలు ఉందో లేదో కూడా నాకు తెలియదని అప్పుడర్థమైంది.

ఆదివారం చర్చి అయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ప్రెస్సు అప్పటికే హౌరా పార్టీకి అమ్మేశారు. వచ్చిందానికి ఒంటి మీది బంగారం కలిపి బ్యాంకుకి కట్టి ఇంటి కాగితాలు విడిపించుకున్నారు. షెడ్డు మోటారు సైకిళ్లు బాగుచేసే అతనికి అద్దెకిచ్చారు. నలుగురు పనివాళ్లూ నాలుగు దిక్కులైపోయారు. ఆవిడ వేరే రబ్బరు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కుదిరి రోజూ బస్సెక్కి వెళ్తున్నారు. సొంత షెడ్డులో నలుగురికి పని చెప్పిన మనిషి ఇంకొకరి గేటు దగ్గర హాజరు వేయించుకుంటోంది.

నేను ఉత్తరం ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివి, "బాగా రాసినారు. ఏ లోటూ నేదు ఇందల" అంది.

"మళ్లీ పెట్టుకోవచ్చండి. ఈసారి బ్యాంకు వాళ్లే పిలిచి ఇస్తారు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే సిగ్గేసింది. చేతులు కాలాక ఆకులు తెచ్చిచ్చినట్టుంది నా పని.

"నాకిప్పుడు ఆ ఓపిక నేదు."

జోసెఫ్ గారు నాకు టీ ఇచ్చి, నా ముఖం చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను ఇంక ఉండబట్టలేక అన్నాను. "తప్పు నాదేనండి. ఆ రోజే నేను కాయితం ఇవ్వాల్సింది."

"నేనూ అడగనేదు కదండీ. ఈయన అడగబోతే నేనే నోరు మూయించినాను." ఆవిడ గొంతులో కోపం లేదు. నెమ్మదిగా, తను చాలాకాలం ఆలోచించుకున్న సంగతి చెప్తున్నట్టు చెప్పింది. "మీటింగులో నా గురించి మాటాడినారంట. మీ ఆఫీసోళ్లే సెప్పినారు. మంచోరు మీరు, నాను కాదన్ను. కానీ దత్తా బాబుకి ఇచ్చినారు కదా, నాకెందుకు ఇవ్వనేదని శానా దినాలు ఆలోసించినాను. ఆయన మీకు ఏటీ కాడు, అందుకని ఇచ్చినారు. నేను కూడా మీకు పరాయిదాన్నయ్యుంటే నా షెడ్డు నాకుండీది రావు గారూ."

ఆవిడ ఆ ఉత్తరాన్ని ఉన్న మడతల్లోనే మడిచి నాకు తిరిగి ఇచ్చేసింది, టీ చల్లారిపోతోంది తాగమంది. తాగి వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో ఫైలు పూర్తి చెయ్యాలి. ఉత్తరం ఎందుకు తిరిగొచ్చిందో కారణం రాసే చోట "పార్టీ ఆసక్తి చూపలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను.